నాయనమ్మ కావలెను

మాజీ కార్పొరేటర్ శ్రీ వెంకట్రాజం గారు తన నాయనమ్మ ఓరుగల్లు మనిషేనని చారిత్రక ఆధారాలతో నిరూపిస్తానని ప్రకటించిన రోజున నేను ముందు వరసలోనే కూర్చున్నాను. ప్రెస్ మీట్ ఆయన సొంత ఫంక్షన్ హాల్ యమునా గార్డెన్స్‌లో జరిగింది. స్టేజీ వెనక ఫ్లెక్సీ మీద కాకతీయ తోరణం, తోరణం కింద ఆయన, ఆయన చేతిలో కత్తి. కత్తి ఎందుకని ఒక విలేకరి అడిగితే, పరిశోధన పూర్తయ్యాక తెలుస్తుందని ఎంతో శాస్త్రీయంగా జవాబిచ్చారు.

సంగతేమిటంటే, కార్పొరేషన్ ఎన్నికలు దగ్గరపడ్డాయి. ఎదుటి పార్టీవాళ్లు ఆయన్ని నాన్‌లోకల్ అంటున్నారు. ఆయన పుట్టింది మరిపెడలో. ఇక్కడికి వచ్చి ముప్పై ఏళ్లయింది. ఒకసారి గెలిచి డివిజన్‌కు ఎంతో సేవ చేశారు, ఆ సేవలోంచే ఫంక్షన్ హాల్ కట్టుకున్నారు. అయినా ఆ మాట పోలేదు. ఇంకో నాయకుడైతే ఎదుటివాళ్లను తిట్టి ఊరుకునేవాడు. వెంకట్రాజం గారు చరిత్రను ఆశ్రయించారు.

చరిత్ర కోసం నన్ను పిలిచారు. నేను హనుమకొండలో కాలేజీ పిల్లలకు ఆ సబ్జెక్టే చెప్పి రిటైరైన మనిషిని. ఉర్దూ చదవడం వచ్చు కనుక నిజాం కాలపు రికార్డుల్లో జనం తాతముత్తాతల పేర్లు వెతికిపెట్టడం నాకు కాలక్షేపం. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమందికి కావలసింది తాత కాదు, తాత పేరున ఉన్న భూమి. భూమి ఊసెత్తకుండా నాయనమ్మను మాత్రమే అడిగిన పెద్దమనిషి ఈయనొక్కరే.

ఆయనకు తెలిసిన వివరాలు చాలా తక్కువ. నాయనమ్మ పేరు సమ్మమ్మ. భర్త పోయాక చిన్న కొడుకును మరిపెడలో అన్న దగ్గర వదిలి, పని వెతుక్కుంటూ ఓరుగల్లుకు వచ్చింది. మళ్లీ తిరిగిపోలేదు. ఆ కొడుకే వెంకట్రాజం గారి తండ్రి. ఆయన పెద్దవాడయ్యాక కూడా ఏ పని మీద ఓరుగల్లుకు వచ్చినా బజార్లో ముసలమ్మల మొహాలు చూస్తూ నడిచేవాడట. ఈ చివరి మాట చెప్పేటప్పుడు వెంకట్రాజం గారి ముందు మైకు లేదు.

తర్వాత ఆయన తేరుకుని, కాకతీయుల సైన్యంలో తమ వంశం వాళ్లు ఏ హోదాలో ఉండేవాళ్లో తేల్చమన్నారు. నాయనమ్మకు ముందు తరాలకు ఏ కాగితమూ దొరకదని, ఆమె దొరికితేనే గొప్ప అని నేను మనవి చేశాను. మధ్యలో ఏడు వందల ఏళ్లు ఖాళీ ఉందని కూడా చెప్పాను.

"దానికేం ఫికర్ సార్," అన్నారాయన. "అటు కాకతీయులున్నరు, ఇటు నేనున్న. మధ్యలది మీరు నింపుండ్రి."

ఇంత సులువైన పరిశోధనా పద్ధతి నా సర్వీసులో నాకు తట్టలేదు.

నేను పాత రెవెన్యూ కాగితాలు, కోర్టు కాగితాలు, మిల్లు కార్మికుల జాబితాలు, చర్చి బాప్తిస్మ రిజిస్టర్లు తిరగేశాను. ఆ కాలానికి, ఆ వయసుకు సరిపోయే సమ్మమ్మలు ముగ్గురు దొరికారు. ముగ్గురిలో ఎవరు ఈయన నాయనమ్మో చెప్పడానికి ఆధారం లేదు. ముగ్గురూ కాకపోవచ్చు కూడా. ఈ మాట రాసుకుని యమునా గార్డెన్స్‌కు వెళ్లాను. వెంకట్రాజం గారితోపాటు ఆయన పీఏ శ్యాంసుందర్ కూడా ఉన్నాడు. ఆయన మాటల్ని లెక్కల్లోకి మార్చడం శ్యాంసుందర్ పని.

మొదటి సమ్మమ్మ మిల్లులో పనిచేసి, పిల్లలు లేకుండా పోయింది. వెంకట్రాజం గారు నిట్టూర్చి, 'తర్వాత' అన్నారు. రెండో సమ్మమ్మ పట్వారీని చెప్పుతో కొట్టి జైలుకు వెళ్లింది. ఆయన కుర్చీలో ముందుకు జరిగారు. సమరయోధురాలు అనొచ్చని శ్యాంసుందర్ వెంటనే రాసుకున్నాడు. కానీ ఆమె సంతానమంతా చాలా కాలం కింద బతకడానికి సూరత్ వెళ్లిపోయారని చెప్పాను. వాళ్ల ఓట్లు అక్కడే ఉంటాయి కదా అని శ్యాంసుందర్ రాసింది కొట్టేశాడు.

మూడో సమ్మమ్మ మిషన్ దవాఖానాలో ఆయాగా పనిచేసింది. బాప్తిస్మం తీసుకుంది, మళ్లీ పెళ్లి చేసుకుంది, ఆరుగురు పిల్లల్ని కన్నది. మన డివిజన్‌లో చర్చి వెనక కాలనీ దాదాపు ఆమె సంతానమే.

శ్యాంసుందర్ సెల్‌ఫోన్‌లో ఓటర్ల జాబితా తెరిచి కాసేపు వేలితో జరిపాడు. రెండు వందలు దాటుతాయన్నాడు. గదిలో భక్తి నిండిన నిశ్శబ్దం ఏర్పడింది.

"ఈమెనే," అన్నారు వెంకట్రాజం గారు. "నాకు రక్తం గుంజుతాంది."

మనం హిందువులం, ఆమె క్రిస్టియన్, పార్టీ ఏమంటుందోనని శ్యాంసుందర్ నసిగాడు. నాయనమ్మకు మతమేమిటని వెంకట్రాజం గారు మందలించారు. లౌకికవాదం మీద ఇంతకన్నా చిన్న ఉపన్యాసం నేను వినలేదు.

ఆ సమ్మమ్మ సంతానంలో ఇప్పుడు అందరికన్నా పెద్దది కొడుకు కూతురు హన్నా టీచర్. మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైంది, భర్త దేవదానం పోయాక కూతురు జెస్సికాతో ఉంటోంది. జెస్సికా హనుమకొండ కోర్టులో లాయర్. నేను ముందుగా ఒక్కణ్ణే వెళ్లి, చుట్టరికం రుజువు కాలేదని, ఉంటే ఉండొచ్చు, లేకపోతే లేకపోవచ్చని హన్నా టీచర్‌కు దాచకుండా చెప్పాను. ఆమె చాయ్ కలుపుతూ అంతా విన్నది. వాళ్ల అవ్వ ఎప్పుడైనా మరిపెడ ఊసెత్తిందా అని అడిగాను. ఊరి పేరు ఎత్తలేదు కానీ, పండుగ రోజున పిల్లలందరికీ పెట్టాక ఒక పళ్లెం పక్కన పెట్టేదని, అది ఎవరికని అడిగితే కోప్పడేదని చెప్పింది.

"రుజువు సంగతి మీరు చూసుకోండ్రి సార్," అన్నది చివరికి. "తోవ సంగతి నేను చూసుకుంట."

ఏ తోవ అన్నది మర్నాడు తెలిసింది. వెంకట్రాజం గారు పూలదండ, స్వీట్ డబ్బా, రెండు చానళ్లతో వచ్చి హన్నా టీచర్ కాళ్లకు నమస్కారం పెట్టి అక్కా అన్నారు. ఆమె ఆయన్ని లేవదీసి, తమ్ముడూ అని, కూర్చోబెట్టి అన్నం పెట్టింది. కాలనీవాళ్లు వరసలు కలుపుకుంటూ వచ్చారు. భోజనమయ్యాక ఆయన నాయనమ్మ సమాధి చూడాలన్నారు.

"చూడాలంటే తోవ లేదు తమ్ముడూ," అన్నది హన్నా టీచర్. "గల్లీకి అడ్డం గోడ కట్టిండ్రు. మీ బావ పోయినప్పుడు శవాన్ని వానల మెయిన్ రోడ్డు మీదికెళ్లి తిప్పి తీస్కపోయినం."

వెంకట్రాజం గారి మొహం ఎర్రబడింది. తన నాయనమ్మకు, తన బావకు తోవ లేకుండా చేసినవాడెవడో ఇప్పుడే చెప్పమన్నారు. కెమెరాలు ఆయన మొహం మీదే ఉన్నాయి. శ్యాంసుందర్ ఆయన చెవి దగ్గరికి వంగాడు.

"మనదే అన్నా. ఫంక్షన్ హాల్ వెనక గోడ."

నిజానికి జెస్సికా ఆ గోడ మీద కార్పొరేషన్‌కు ఎన్నో అర్జీలు పెట్టింది. అప్పుడు కార్పొరేటర్ వెంకట్రాజం గారే కనుక అవన్నీ ఆయన దగ్గర భద్రంగానే ఉన్నాయి. సామాన్యుడైతే ఆ క్షణంలో నీళ్లు నమిలేవాడు. ఆయన లేచి నిలబడి, కబ్జాదారుడు ఎంతటివాడైనా వదిలేది లేదని, వచ్చే ఆదివారం ఆ గోడను తానే స్వయంగా కూల్చేస్తానని ప్రకటించారు.

ఆదివారం ఆరాధన ముగిసే వేళకు జేసీబీ వచ్చింది. దానికి దండ వేసి, కొబ్బరికాయ కొట్టారు. పాస్టర్ ప్రార్థన చేశాడు. వెంకట్రాజం గారు గోడ పక్కన నిలబడి, పేదల దారిని మింగిన కబ్జాదారులకు ఇది హెచ్చరిక అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఫంక్షన్ హాల్ మేనేజర్ కూడా కొట్టాడు. గోడ ఒక్క తోపుకు కూలింది. కాంట్రాక్టర్ ఎలా కట్టాడో చూడమని వెంకట్రాజం గారు శ్యాంసుందర్‌తో నెమ్మదిగా అన్నారు.

జనం ఇటుకల మీదుగా సమాధుల తోటలోకి నడిచారు. సమ్మమ్మ సమాధి ఒక మూలన ఉంది, రాయి మీద పేరు ఒక్కటే ఉంది. చానళ్లవాళ్లు ఇంకా జేసీబీ దగ్గరే ఉన్నారు. వెంకట్రాజం గారు ఆ రాయి ముందు చెప్పులు విడిచారు. ఉపన్యాసం మొదలుపెడతారని అందరం చూస్తున్నాం. ఆయన వంగి రాయి మీద చెయ్యి పెట్టారు.

"మా నాయిన నిన్ను మస్తు దేవులాడిండు అవ్వా," అన్నారు. కళ్లు తుడుచుకోవడం కూడా మరిచిపోయారు. హన్నా టీచర్ ఆయన వీపు మీద చెయ్యి వేసింది. ఆ కాసేపూ ఆయన ఏ పార్టీలో ఉన్నారో నాకు గుర్తుకు రాలేదు.

అప్పుడు శ్యాంసుందర్ పరుగెత్తుకొచ్చి, కెమెరాలు ఇప్పుడే వచ్చాయని, జర మళ్లొకసారి ఏడిస్తే బాగుంటుందని విన్నవించాడు. వెంకట్రాజం గారు ప్రయత్నించారు. మూడుసార్లు చెయ్యి పెట్టినా కన్నీళ్లు రాలేదు. టీవీలో మాత్రం ఏడ్చినట్టే చెప్పారు.

గోడ దెబ్బకు డివిజన్‌లో ఆయన పేరు మార్మోగింది. నేను రాసిన వంశవృక్షాన్ని రంగుల పుస్తకంగా వేయించారు. 'కావచ్చు' అని నేను రాసిన ప్రతి చోటా శ్యాంసుందర్ ఆ మాట తీసేసి 'నిస్సందేహంగా' అని పెట్టించాడు. పుస్తకాన్ని జిల్లా పార్టీ అధ్యక్షుడు ఆవిష్కరించారు. అందులో సమ్మమ్మ కింద రెండు కొమ్మలు. ఒక కొమ్మకు వెంకట్రాజం గారు, ఇంకో కొమ్మకు హన్నా టీచర్, ఆమె కింద జెస్సికా, మేనకోడలు అని.

ఇంతలో రిజర్వేషన్లు వచ్చాయి. మా డివిజన్ మహిళలకు పోయింది. వెంకట్రాజం గారు చలించలేదు. భార్య యమున గారి పేరుతో అప్లికేషన్ పెట్టి, ఆమె నమస్కారం పెడుతున్న ఫ్లెక్సీలు వేయించారు. ఆ ఫ్లెక్సీ చూశాకే తను పోటీ చేస్తున్న సంగతి యమున గారికి తెలిసింది.

పార్టీ అభ్యర్థుల జాబితా వచ్చింది. మా డివిజన్ ఎదురుగా జెస్సికా పేరు ఉంది.

వెంకట్రాజం గారు జిల్లా అధ్యక్షుడికి ఫోన్ చేసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. స్పీకర్ ఆన్ అయి ఉంది. సర్వేలో కాలనీ అంతా జెస్సికా పేరే చెప్పిందని అధ్యక్షుడు వివరించారు. తన భార్య సంగతేమిటని వెంకట్రాజం గారు అడిగారు.

"కుటుంబానికి ఒక్కటే టికెట్ అన్నం, మీ కుటుంబానికే ఇచ్చినం," అన్నారు అధ్యక్షుడు. "మీ మేనకోడలే గదా. ఆ పుస్తకం నేనే రిలీజ్ చేసిన."

వెంకట్రాజం గారు ఫోన్ పెట్టేసి, చుట్టరికం మీద నాకేమైనా అనుమానాలు మిగిలాయా అని అడిగారు. మొదటి నుంచీ ఉన్నాయన్నాను. అయితే ముందే ఎందుకు చెప్పలేదని కోప్పడ్డారు.

ఆ సాయంత్రం ఆయన వెంట నేనూ హన్నా టీచర్ ఇంటికి వెళ్లాను. పిల్లకు ఇంకా వయసుంది, ఈసారికి యమునకు వదిలేయమని ఆయన చాలా మృదువుగా అడిగారు. జెస్సికా ఏదో చెప్పబోయింది. హన్నా టీచర్ ఆమెను ఆపి, ఆయన చేతికి చాయ్ ఇచ్చింది.

"మీరు తోవ ఇడిస్తెనే గదా తమ్ముడూ మేం బయటికొచ్చింది," అన్నది. "రేపు నామినేషన్‌కు మేనమామ ముందట నడువాలె. చానళ్లోళ్లకు చెప్పిన."

చానళ్లవాళ్లు అప్పటికే వాకిట్లో లైట్లు పెట్టుకుంటున్నారు. వెంకట్రాజం గారు చాయ్ పూర్తిగా తాగారు. తర్వాత వాకిట్లోకి వచ్చి, పదవులు త్యాగం చేయడం తమ నాయనమ్మ నేర్పిన సంస్కారమని చెప్పారు.

జెస్సికా మంచి మెజారిటీతో గెలిచింది. ఊరేగింపులో వెంకట్రాజం గారు ముందు నడిచారు, రంగు చల్లించుకున్నారు, కాసేపు ఎగిరారు కూడా. హన్నా టీచర్ నాకూ స్వీటు పెట్టింది. యమున గారి మొహంలో ఉన్నంత సంతోషం గెలిచిన మనిషి మొహంలో కూడా లేదు.

కొన్ని వారాల తర్వాత శ్యాంసుందర్ ఫోన్ చేశాడు. పరకాలలో ఒక వార్డుకు ఉప ఎన్నిక రాబోతున్నదని, వేరే పార్టీవాళ్లు పిలుస్తున్నారని, అన్న తన ఓటును అక్కడికి మార్పించుకుంటున్నాడని చెప్పాడు. ప్రజాసేవకు ఊరితో పనేముందని, ఆయనకు నా శుభాకాంక్షలు చెప్పమన్నాను.

"గది సరే సార్," అన్నాడు శ్యాంసుందర్. "అక్కడ అన్నకు నాయనమ్మ ఎవరో జర చూసి పెట్టుండ్రి."