ముసల్ది ఖలాస్

ఆ శుక్రవారం పొద్దున రాజనర్సు వేసుకున్న పథకం చాలా చిన్నది. చాయ్ తాగాలి. ముసలిదానికి ఆఖరి మెరుగు పెట్టాలి. నలుగురిని పిలిచి దాన్ని ఇటుకల మీద నుంచి దింపి, చక్రాలు తొడగాలి. సాయంత్రం కఫీల్, అంటే వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, ఆయన కొడుకు పికప్ వెనక తగిలించుకుని సఖీర్ ఎడారికి బయలుదేరాలి. ఇందులో చావు ప్రసక్తి ఎక్కడా లేదు.

ముసలిది అంటే ఒక కేరవాన్. కోడిగుడ్డు ఆకారంలో, ఒక తలుపూ రెండు కిటికీలతో ఉంటుంది. ఒకప్పుడు కఫీల్ తండ్రి దాన్ని ఎవరో ఇంగ్లీషు ఇంజనీరు దగ్గర ముచ్చటపడి కొన్నాడట. ముచ్చట తీరాక బుదైయా తోటలో ఖర్జూరం చెట్ల కింద వదిలేస్తే, అందులో కోళ్లు కాపురం పెట్టాయి. కోళ్లకు దాని ఆకారం నచ్చి ఉంటుంది.

రాజనర్సు కఫీల్ గ్యారేజీలో డెంటర్‌గా పనిచేసి రిటైరయ్యాడు. బండ్ల సొట్టలు తీయడమే జీవితం. ఆయన భార్య విజయరాణి అదే కఫీల్ విల్లాలో వంట చేసి రిటైరయింది. వచ్చేవారం ఇద్దరూ శాశ్వతంగా కోరుట్ల వెళ్లిపోతున్నారు. అక్కడ ఆయన పేరు దుబాయి నర్సన్న. దుబాయి కాదు బహ్రెయిన్ అని చెప్పి చెప్పి, ఆయనే విసిగి దుబాయికి ఒప్పుకున్నాడు.

పోయేముందు ఏం కావాలో అడగమన్నాడు కఫీల్. రాజనర్సు గొంతు సవరించుకునేలోపే విజయరాణి తోటలోకి వేలు చూపించింది.

"గా గుడ్డు బండి కావాలె బాబా," అంది.

ఆ రాత్రి మొగుడు నెత్తి కొట్టుకుంటుంటే కారణం చెప్పింది. "ఇరవై ఏండ్ల సంది చలికాలం వస్తే వీళ్లతోని సఖీర్‌కు పోతున్న. టెంటు ఎనుక పొయ్యి కాడ పొగల కూసునుడే గాని, టెంటు ముంగట ఏమున్నదో సూడలే. ఒక్క దినం నా బండి ముంగట కుర్సీల కూసోవాలె. చాయ్ ఇంకెవలన్న కాసియ్యాలె. గంతే."

గంతే అన్న మాట వినడానికి చిన్నదే. దాని వెనక రెండు నెలల చాకిరీ ఉంది. కోళ్లను బతిమాలి ఖాళీ చేయించారు. తుప్పు గీకారు, సొట్టలు తీశారు, లప్పం పెట్టారు, తెల్లరంగు కొట్టారు. విజయరాణి పాత చీరలతో పరదాలు కుట్టింది. ఈ సంగతి ఎవరికీ చెప్పవద్దని, ముఖ్యంగా సల్మానియాలో ఒక నర్సమ్మ ఇంట్లో పనిచేసే, చెల్లెలి వరసైన కనకవ్వకు అసలే చెప్పవద్దని మొగుడితో ఒట్టు వేయించుకుంది. అంతా అయ్యాక పిలిచి దాని మొహం చూడాలని ఆమె ఆశ. కఫీల్ కుటుంబం ఈ శుక్రవారంతో టెంటు ఎత్తేస్తుంది. అంటే ఉన్నది ఇదొక్క సాయంత్రమే.

మెరుగు పెట్టడం అయిపోగానే రాజనర్సు నువైద్రాత్ కార్మికుల క్యాంపులో ఉండే లింబాద్రికి వాయిస్ మెసేజ్ పెట్టాడు.

"లింబాద్రీ, ముసల్ది ఖలాస్ అయిందిరా! గిప్పుడే అయింది. బాడీ లేపాలె. నలుగురిని తీస్కోని బుదైయా రా. మస్తు బరువున్నది, బలమున్నోళ్లను తే. మనామల పూలు వట్టుకరా, కొబ్బరికాయ సుత. యల్లా, జల్ది!"

ఈ మెసేజ్ లింబాద్రికి కాక ఇంకెవరికి పంపినా నష్టం ఉండేది కాదు. లింబాద్రి సెలవు మీద ఊరికి వెళ్లి, రెండు నెలల తరవాత నిన్ననే దిగాడు. కేరవాన్ సంగతి అతనికి తెలియదు. పైగా దేశం కాని దేశంలో మనవాళ్లు ఎవరైనా పోతే, కాగితాలు చేయించి శవాన్ని ఇంటికి పంపే పుణ్యకార్యం అతనిదే. ఖలాస్ అంటే రాజనర్సుకు పని పూర్తవడం, లింబాద్రికి మనిషి పోవడం. బాడీ అంటే రాజనర్సుకు సొట్టలు పడేది. లింబాద్రికి విమానం ఎక్కేది.

"అయ్యో వదినె!" అని మంచం మీద కూలబడ్డాడు లింబాద్రి. పక్కవాళ్లు మెసేజ్ విని, నర్సన్న గొంతులో దుఃఖమే లేదేమిటని అడిగారు. "బాధ ఎక్వైతే గొంతు గట్లనే తేలికైతది. నేను ఎందరిని సూడలే," అని సర్దిచెప్పాడు. అయినా మనసు ఒప్పక ఫోన్ చేశాడు.

"అన్నా... ఎట్లయిందే?"

"ఎట్లయితది, కొట్టంగ కొట్టంగ అయింది," అన్నాడు రాజనర్సు హుషారుగా.

"కొట్టినవా?"

"మరి ఊకెనే అయితదా? నెల దినాలు సుత్తెతోని కొట్టిన. నిన్న ఒకసారి కొట్టిన, తెల్లగ కాలే. పొద్దుగాల ఇంకోసారి కొట్టిన. ఇగ సూడు, పాలసొంటి తెలుపు!"

లింబాద్రి పక్కవాళ్లకు వినపడకుండా ఫోన్‌ను చెవికి అదుముకున్నాడు.

"అన్నా, నీ కాల్మొక్త. ఈ మాట ఇంకెవ్వలకు చెప్పకు. నేను వచ్చి చూస్కుంట," అని లింబాద్రి ఫోన్ పెట్టేశాడు.

చెప్పకపోయినా గుట్టు దాచాలని తెలిసినవాడు, వీడు మంచివాడు అనుకున్నాడు రాజనర్సు.

లింబాద్రి సుత్తె సంగతి కడుపులో దాచుకుని, మిగతా సంగతి క్యాంపు గ్రూపులో పెట్టాడు. సెలవు రోజు కావడంతో నలుగురు కావలసిన చోట ఒక బస్సెడు మంది తయారయ్యారు. కనకవ్వకు ఫోన్ వెళ్లింది. పాస్‌పోర్టు కోసమని కఫీల్‌కూ వెళ్లింది. సఖీర్‌లో కుర్చీలు వేయిస్తున్న కఫీల్‌కు లింబాద్రి అరబ్బీలో చెప్పగలిగినవి రెండే మాటలు: "విజయా, ఖలాస్." కఫీల్ అక్కడే ఇసుకలో కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు. తరవాత లేచి టెంటు పీకేయమన్నాడు.

అక్కడ విజయరాణి కుర్చీ మడతపడుతున్న సమయానికి, ఇక్కడ విజయరాణి కేరవాన్‌లోనే ఉంది. ఆఖరి పరదా కట్టడానికి వెళ్లి, కొత్త పరుపు మెత్తగా ఉందో లేదో చూద్దామని ఒరిగింది. పరుపు మెత్తగానే ఉంది. ఆమె విల్లా వంటింట్లో ఉందనుకుంటున్నాడు రాజనర్సు.

బస్సు వచ్చి గేటు ముందు ఆగింది. ముందుగా కనకవ్వ దిగి, "బావా!" అని శోకం పెట్టింది. గుట్టు తెలిసిపోయిందని, తనకు చెప్పలేదన్న కుళ్లుతో ఏడుస్తోందని రాజనర్సుకు అర్థమైంది.

"ఏడ్వకు కనకవ్వా. నీకు చెప్పద్దని మీ అక్కనే ఒట్టు ఏయించింది."

కనకవ్వ ఇంకా గట్టిగా ఏడ్చింది. తన జబ్బు తనకే తెలిసి, చెప్పకుండా మోసిందా అక్క! వెనక దిగినవాళ్లు ఒక్కొక్కరే వచ్చి రాజనర్సును వాటేసుకున్నారు. వచ్చేవారం వెళ్లిపోతున్నాం కదా, అందుకని ఆయన కూడా కొంచెం కళ్లు తడి చేసుకున్నాడు. ఇద్దరు పెద్ద పెద్ద ఐసుగడ్డలు దింపారు.

"ఐస్ సుత తెచ్చిన్రా! మంచిగైంది," అన్నాడు రాజనర్సు. "కూల్‌డ్రింకులు అండ్ల పెడదాం."

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లింబాద్రి ఆయన భుజం చుట్టూ చేయి వేసి, చెవిలో అడిగాడు. "యాడున్నదే?"

"తోటల, ఖర్జూరం చెట్ల కింద. ఇటుకల మీద పెట్టిన."

"ఇటుకల మీదనా!"

"ముట్టుకోకున్రి. ఇంక తడి ఆరలే."

తోటలో తెల్లగా మెరిసే గుడ్డులాంటి బండి ఒకటి కనిపించింది. తెరిచిన కిటికీలోంచి చూస్తే, లోపల పరుపు మీద తెల్లని పరదా కప్పుకుని పడుకున్న విజయరాణి పాదాలు. కనకవ్వ కిటికీ కింద కూలబడి గొంతెత్తింది.

"నా అక్కా! నీ చాపల పులుసు ఇగ ఎవలు చేస్తరే! ఈ దేశంల నీ అసొంటి చెయ్యి ఉన్నదా! అన్నం తినకుంటె తిట్టి పెట్టేదానివి కదనే!"

ఆ కేకకు విజయరాణికి మెలకువ వచ్చింది. లేవబోయి ఆగింది. వినిపిస్తున్నది తన పొగడ్తే. అందులోనూ కనకవ్వ నోటి నుంచి. ఇరవై ఏళ్లలో ఆ పులుసు తిని ఉప్పు తక్కువైందనడం తప్ప ఇంకో మాట అనలేదు కనకవ్వ. దేవుడు ఎంత దయగలవాడో అనుకుని, విజయరాణి కళ్లు మూసుకుని ఇంకొంచెం సర్దుకుని పడుకుంది.

తరవాత లింబాద్రి రెండు మాటలు చెప్పాడు. వదినె క్యాంపుకు ఎప్పుడొచ్చినా ఉత్త చేతులతో రాలేదన్నాడు. అందరూ ముక్కులు చీదారు. అప్పుడెవరో, "నర్సన్నా, నువ్వు సుత ఒక మాట చెప్పే," అన్నారు.

గుంపు వెనక నిలబడ్డ రాజనర్సుకు కిటికీ కనిపించలేదు; ఏడుపంతా వీడ్కోలుకేననుకున్నాడు. బండి ప్రారంభోత్సవం ఇంత ఘనంగా జరుగుతుందని మాత్రం అనుకోలేదు. కొబ్బరికాయ చేత్తో పట్టుకుని ముందుకు వచ్చాడు.

"ఏం చెప్తరా! నా చేతుల వడకముందు ఎట్లుండె! ఒళ్లంత తుప్పు. యాడ జూసినా సొట్టలే. ఎవ్వలు దేక్తలేరు. కోళ్లు తప్ప దగ్గరికి ఎవ్వలు పోతలేరు. ఇంకొకడైతే తుక్కు కింద తూకానికి అమ్మేటోడు. నేను గాబట్టి నాలుగు దెబ్బలు కొట్టి లైన్‌కు తెచ్చిన. ఇగ లప్పం పెట్టి రంగేస్తె గిట్ల కనవడ్తంది గాని, లోపటంత పాతదే!"

కేరవాన్ తలుపు ఫట్‌మని తెరుచుకుంది.

"ఎవలకు పెట్టినవ్ లప్పం?" అంది విజయరాణి.

తరవాత కాసేపు జరిగింది వరసలో చెప్పడం కష్టం. తెల్లని బండిలోంచి తెల్లని పరదా కప్పుకుని శవం లేచి వచ్చి లప్పం సంగతి అడిగితే ఎవరైనా పరిగెత్తుతారు. పరిగెత్తడానికి చోటు దొరకనివారు ఖర్జూరం చెట్లను కరుచుకున్నారు. లింబాద్రి ఇన్ని చావులు చూసినవాడైనా, ఇలా ఎదురు ప్రశ్న వేసిన కేసు ఇదే మొదటిది. కనకవ్వ మాత్రం పారిపోలేదు. అక్క కాళ్లను తడిమి చూసి, వెచ్చగా ఉన్నాయని నిర్ధారించుకుని, "అయితే ఇందాక ఇన్నవా అంత?" అని అనుమానంగా అడిగింది.

"చాపల పులుసు కాడ్నించి ఇన్న."

ఎవరేమన్నారో, ఎవరికేం వినపడిందో విప్పుకునేసరికి చాలా సమయం పట్టింది. సుత్తె సంగతి తేలగానే లింబాద్రి రాజనర్సు కాళ్లమీద పడ్డాడు. అందరూ నవ్వడం మొదలుపెట్టారు. విజయరాణి నవ్వలేదు.

"గదంత ఇడిసిపెట్టున్రి. నాకొక్కటి చెప్పున్రి. ముసల్ది అనంగనే, గా ముసల్ది నేనేనని అందరికి ఎట్ల తెల్సింది? ఒక్కడన్న ఏ ముసల్ది అని అడిగిండా?"

అందరూ లింబాద్రి వైపు చూశారు. లింబాద్రి ఇరుకున పడి నిజం చెప్పేశాడు.

"మరి అన్న క్యాంపుకు వచ్చినప్పుడల్ల 'మా ముసల్ది, మా ముసల్ది' అంటనే ఉంటడు కద వదినె."

విజయరాణి మెల్లగా మొగుడి వైపు తిరిగింది. అదే క్షణంలో గేటు దగ్గర హారన్ మోగింది. పికప్ నిండా మడిచిన టెంటు, కుర్చీలు, వాటి మీద కళ్లు ఎర్రబడ్డ కఫీల్. సఖీర్‌లో ఏమీ మిగలలేదని ఆ సామాన్ చూడగానే ఆమెకు అర్థమైంది. ఇరవై ఏళ్ల ముచ్చట పికప్‌లో మడతపడి ఉంది. తను చచ్చిపోయానని విన్నప్పుడు కూడా ఆమె అంత దిగాలుగా కనిపించలేదు.

కఫీల్ ఆమెను చూశాడు. బండి దిగి వచ్చి, నిజంగా ఆమేనా అని చుట్టూ తిరిగి చూశాడు. లింబాద్రిని అరబ్బీలో నాలుగు తిట్లు తిట్టి, ఆకాశం వైపు చేతులెత్తి, మళ్లీ లింబాద్రిని తిట్టాడు. ఆ తరవాత "యల్లా!" అన్నాడు. టెంటు మళ్లీ వేయాలి. వచ్చినవాళ్లంతా రావాలి. ఈ సాయంత్రం విజయరాణి చేతితో ఒక్క గిన్నె కూడా ముట్టుకోవడానికి వీల్లేదు.

బాడీ లేపడానికి వచ్చినవాళ్లు బాడీని పువ్వులా లేపారు. లింబాద్రి తెచ్చిన దండ కేరవాన్ నుదుటికి వేశారు. దండకు ఎటూ అభ్యంతరం లేదు. ఐసులో కూల్‌డ్రింకులు పెట్టారు.

పొద్దు వాలుతుండగా సఖీర్‌లో, తెల్లని గుడ్డు బండి ముందు, విజయరాణి కుర్చీలో కూర్చుంది. ఎదురుగా కనుచూపు మేర ఇసుక, దాని మీద ఎర్రటి వెలుగు. పక్కన కఫీల్ ఇంటివాళ్లు, కింద చాప మీద కనకవ్వ. టెంటు వెనక పొయ్యి ముందు, బస్సెడు మందికి చాయ్ కాస్తూ రాజనర్సు. ఆ పని ఎవరికి అప్పగించాలన్న విషయంలో పెద్దగా చర్చ జరగలేదు.

మొదటి కప్పు తెచ్చి రెండు చేతులతో అందించాడు. ఆమె ఒక గుక్క తాగి, ఎడారి మీద నుంచి చూపు తిప్పకుండా, "చక్కెర తక్వైంది," అంది.

రాజనర్సు కప్పు పట్టుకుని పొగలోకి తిరిగి వెళ్లాడు. టెంటు వెనక ఏముందో ఇరవై ఏళ్లలో ఆయనా చూడలేదు.