మస్కట్ చెద్దరు

ఆ ఉదయం మిక్కో పెట్టుకున్న పని ఒక్కటే. టీ తాగి, వీధిలో ఇంటింటికీ వెళ్లి, ఆదివారం ప్రార్థనకు రమ్మని పిలవాలి. అంతకుముందు కాసేపు డాబా మీద బనియన్‌తో పడుకుని పొగమంచును చూడాలి. ఫిన్లాండ్‌లో అతని ఊళ్లో ఈ చలి నెలల్లో సూర్యుడు మొహమే చూపించడు. కోరుట్లలో మాత్రం రోజూ మంచులోంచి నింపాదిగా పైకొచ్చి, దూరాన పసుపు చేలనీ, డాబా మీది నీళ్ల ట్యాంకునీ, చివరికి మిక్కో అరికాళ్లనీ వరసగా పలకరించేవాడు. ఆ కుర్ర మిషనరీకి తను మేలుకున్నాడో కలగంటున్నాడో తేలేది కాదు. ఈ ఊరు వదిలి వెళ్లాలని అతనికి లేనే లేదు.

కానీ వెళ్లాల్సి వచ్చేలా ఉంది. సిరిసిల్ల నుంచి సంఘపెద్ద దివాకర్ గారు ఫోన్లో ఖండితంగా చెప్పేశారు. "ఐతారం నేనే అస్తున్న. గీసారన్న మంది రాకపోతే సామాను సదురుకో. మీ దేశం పంపిస్త." ఇన్నాళ్లూ అతని ప్రార్థనకు వచ్చింది ఇంటి యజమానురాలు కనకవ్వ ఒక్కతే. అదీ ఖాళీ టీ గ్లాసుల కోసం.

ఆ కనకవ్వే ఇప్పుడు బట్టలు ఆరేయడానికి డాబా ఎక్కి కెవ్వుమంది.

"ఓరి కొడుకా! గీ సలిల గిట్ల పన్నవేంది? మీ అమ్మ సూస్తే నన్నేమంటది?"

"అమ్మా, నాకు చలి లేదు. నేను మిక్కిలి సంతోషించుచున్నాను," అన్నాడు మిక్కో. అతను తెలుగు నేర్చుకున్నది పాత ప్రార్థన పుస్తకాల్లోంచి.

మన దగ్గర అతిథి 'వద్దు' అన్నాడంటే మొహమాటపడుతున్నాడని అర్థం. కనకవ్వ గబగబా కిందికి దిగి, బీరువా తెరిచి, పులి బొమ్మ చెద్దరు మోసుకొచ్చింది. భర్త ఎల్లేశం మస్కట్ నుంచి తెచ్చిన ఆ దుప్పటి పెద్ద చుట్టాలొస్తే తప్ప బయటికి రాదు. దాన్ని అందుకుంటే మిక్కోకు దూడను ఎత్తుకున్నట్టనిపించింది.

ఎదురింటి రాధిక ఇది చూసింది. "ఆమె పెనిమిటి మస్కట్ల ఉంటే, మా ఆయన దుబాయ్‌ల లేడా?" అని గులాబీల చెద్దరు తెచ్చింది. పక్కింటి లీల నెమలి బొమ్మది తెచ్చింది. సాయంత్రానికి వీధిలో గల్ఫ్‌కు మనిషిని పంపిన ప్రతి ఇంటి నుంచీ ఒకటి వచ్చి పడింది. తిరిగి ఇవ్వబోతే లీల కళ్లనీళ్లు పెట్టుకుంది. "మాది మంచిగ లేదా సారూ?" కప్పుకుంటే ఒళ్లంతా చెమట. చేసేది లేక మిక్కో అన్నిటినీ డాబా మీది తన గదిలో గోడవారగా పేర్చాడు. గుట్ట కిటికీ దాకా వచ్చింది.

ఆ గుట్ట ఆటో నడిపే సాయికుమార్ కంటబడింది. చలికాలం, మిషనరీ, దుప్పట్ల గుట్ట: ఈ మూడూ ఒకచోట కనిపిస్తే ఎవరికైనా ఏం తోస్తుంది? "పాస్టరు సారు ఐతారం చెద్దర్లు పంచుతుండట," అని ఆటో ఎక్కినవాళ్లందరికీ చెప్పాడు. మాట జగిత్యాల దాటిపోయింది.

ఆదివారం పొద్దున మంచులోంచి మనుషులు నడిచొస్తూనే ఉన్నారు. గొల్లపల్లి వాళ్లు, సారంగాపూర్ వాళ్లు, తలకు తువ్వాళ్లు చుట్టుకున్న ముసలివాళ్లు. మిక్కో తనను తాను గిల్లుకుని చూసుకున్నాడు. అప్పుడే వచ్చిన దివాకర్ గారికి మెట్ల మీద కాలు పెట్టే చోటు దొరకలేదు. "గింతమందా!" అని ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నారు.

మిక్కో చాలాసేపు ప్రార్థించాడు. ఒక్కరూ కదల్లేదు. "ఆమెన్" మాత్రం వీధి చివరికి వినిపించింది. చూపులన్నీ గుట్ట మీదే ఉన్నాయని కళ్లు మూసుకున్నవాడికేం తెలుస్తుంది? చివర్లో అతను ప్రేమగా అడిగాడు.

"మీకు ఏమి కావలెను?"

"గా పులి బొమ్మది," అంది ముందు కూర్చున్న ముసలామె.

మిక్కోకు ప్రాణం లేచొచ్చింది. ఇచ్చినవాళ్లే అడగడానికి మొహమాటపడి చుట్టాలను పంపారనుకున్నాడు. ఒక్కొక్కరికీ దండం పెట్టి మరీ చేతుల్లో పెట్టాడు. చూస్తుండగానే దుప్పట్లూ లేవు, జనమూ లేరు.

వంట ముగించి టీ పట్టుకొచ్చిన కనకవ్వకు వట్టి గోడ కనిపించింది.

"నా చెద్దరేది కొడుకా?"

"మీ బంధువులు తీసుకొనిపోయిరి అమ్మా."

"నాకు యాడి బంధువులురా!"

అంతలో కింద రాధిక కేక పెట్టింది. "అవ్వో! మా గులాబీల చెద్దరు ఎవలో తీస్కపోతున్నరు!" వీధి వీధంతా బస్టాండుకు పరుగెత్తింది. అప్పటికే బస్సులు కదిలిపోయాయి.

దివాకర్ గారికి విషయం అర్థమైంది. "అంటే నీ ప్రార్థన కోసం ఒక్కలు గూడ రాలే. సదురుకో. రేపు పొద్దుగాల పోదాం."

మిక్కో పెట్టె తీసి చొక్కాలు మడతపెట్టసాగాడు. కిటికీలోంచి లేత ఎండ చేతుల మీద పడింది. అతనికి ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

"యాడికి?" కనకవ్వ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "సారూ, మా చెద్దర్లు ఎవలెవలకిచ్చిండో గా మొకాలు గీ పిలగానికే ఎరుక. ఊరూరు తిరిగి, దేవులాడి తెచ్చి మా చేతుల పెట్టాలె. గప్పటిదాంక గీన్ని మీ ఎంట పంపియ్యం." ఆమె గొంతులో కోపం ఉంది, కళ్లలో లేదు. వెనక రాధిక, లీల ఔనన్నారు.

"ఎన్ని దినాలు పడ్తదమ్మా?" అని దివాకర్ గారు అడిగారు.

"గన్ని ఊర్లు తిరుగుడంటే మాటలా సారూ? ఎండకాలం అయితది. ఇంకింత ఎక్కువ గూడ అయితది."

దివాకర్ గారు ఒంటరిగా సిరిసిల్ల బస్సెక్కారు.

ఆ సాయంత్రం మిక్కో మోకరించి, పోయిన చెద్దర్లలో ఒక్కటి కూడా దొరకకుండా చూడమని దేవుణ్ణి మనసారా వేడుకున్నాడు.