అట్ట అప్పలసూరిగారికి సన్మానం

కోల్‌కతా ఓడరేవులోని ఖిదిర్‌పూర్ డాకు క్వార్టర్లలో మధుర జ్ఞాపకాలకు తీవ్రమైన కొరత ఉందన్న సంగతి 2009 వానాకాలం దాకా ఎవరికీ తెలియదు. నీళ్ళ కొరత తెలుసు. కరెంటు కొరత తెలుసు. వాటికోసం ఊరేగింపులో నడవడం, నడిచొచ్చి కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు లేక అలాగే పడుకోవడం కూడా అందరికీ అలవాటే. జ్ఞాపకాల కొరత మీద మాత్రం ఏ పార్టీ జెండా పట్టలేదు. ఈ ఘోరాన్ని బయటపెట్టిన ఘనత పుణేలో కూర్చుని కంప్యూటర్‌లో పాఠాలు చెప్పే మోనా మేడంకు, ఆవిడను మాకు తెరమీద చూపించిన నిమాయ్‌కు దక్కుతుంది.

నిమాయ్ క్వార్టర్ల గేటు ఎదురుగా ఇంటర్‌నెట్ షాపు నడిపే బెంగాలీ. పక్క గదిలో ఫోటో స్టూడియో కూడా అతనిదే. కుర్రకారు సెల్‌ఫోన్లు కొనుక్కుని షాపుకు రావడం మానేశాక, ఖాళీ కుర్చీలు చూడలేక ఒక బోర్డు పెట్టాడు. ‘ఆడవారికి ఆన్‌లైన్ క్లాసులు. కాగితంతో కళ. ఫోటోల స్క్రాప్‌బుక్ చెయ్యడం నేర్చుకోండి, మీ జీవితాన్ని అందంగా అతికించుకోండి.’ మొదట చేరింది కామాక్షమ్మ.

కామాక్షమ్మ మొగుడు అప్పలసూరి డాకులో క్రేను నడుపుతాడు. శ్రీకాకుళం వైపు మనిషి. ఓడ కడుపులోంచి టన్నుల బరువు లేపి ఇవతల పెట్టగలడు గాని నోట్లోంచి నాలుగు మాటలు లేపడం అతనికి చేతకాదు. భార్య ఏదో చదువులో చేరిందని విని అన్నం కలుపుకుంటూ అడిగాడు.

“ఏటి, స్క్రాపా? ఏ ఓడదే?”

“ఓడది కాదు మావా, మన బతుకుది.”

అప్పలసూరి తల ఊపాడు. డాకులో పాత ఓడలు విరిచి తుక్కు అమ్మడం అతను చూసినవాడే. బతుకుది కూడా అమ్ముతారు కాబోలు అనుకుని పెరుగన్నంలోకి దిగాడు.

కొద్ది వారాల్లో క్వార్టర్ల ఆడవాళ్ళందరూ చేరిపోయారు. మధ్యాహ్నం కాగానే కత్తెర్లు పట్టుకుని వరసగా రోడ్డు దాటుతుంటే ట్రాఫిక్ పోలీసు ఏ పార్టీ ఊరేగింపో అర్థంకాక, ఎందుకైనా మంచిదని సెల్యూట్ కొట్టేవాడు. షాపులో బోధన ఉన్నత ప్రమాణాలతో సాగేది. ‘ప్రతి ఫోటో వెనుక ఒక కథ ఉంటుంది’ అని మోనా మేడం అనగానే అందరూ ఫోటోలు తిప్పి చూశారు. వెనుక స్టూడియో ముద్ర ఉంది. కొత్త కాగితాన్ని టీ నీళ్ళలో ముంచి, ఆరబెట్టి, అంచులు చింపి పాతదానిలా కనిపించేట్టు చెయ్యాలని ఆవిడ మరో పాఠంలో నేర్పింది. క్వార్టర్ల గోడల చెమ్మ ఈ సేవను మా అందరికీ ఏళ్ళ తరబడి ఉచితంగా చేస్తోందని, అది కళ అని తెలియక పోర్టు వారికి అర్జీలు పెట్టుకున్నామని ఆనాడే గ్రహించాం.

ఇంటర్‌నెట్టు నెమ్మదిగా వచ్చేది. మోనా మేడం కత్తెర తెరిచి పట్టుకుని హఠాత్తుగా శిలలా ఆగిపోయేది. షాపునిండా ఆడవాళ్ళు కూడా కత్తెర్లు తెరిచి పట్టుకుని శిలల్లా ఆగిపోయేవారు. ఆవిడ కదిలితే వీళ్ళు కదిలేవారు. ఒకసారి సీతాకోకచిలుక సగంలో ఉండగా కరెంటే పోయింది. ఆ నెల మా క్వార్టర్లలో తయారైన సీతాకోకచిలుకలన్నింటికీ ఒకే రెక్క. మోనా మేడం వాటికి ‘కోల్‌కతా శైలి’ అని పేరు పెట్టి మిగతా నగరాలవారికి నేర్పింది.

బంద్ రోజున చిన్న సమస్య వచ్చింది. పార్టీ లోకల్ కమిటీ దాదా ఒకాయన షాపు మూయించడానికి వచ్చాడు. పాఠం చెప్పేది పుణేలో, వినేది కోల్‌కతాలో, మరి తెరిచి ఉన్నది ఏది? దాదా కుర్చీ వేయించుకుని చాలాసేపు సిద్ధాంతం ఆలోచించాడు. చివరకు తీర్పు చెప్పాడు. కత్తిరించడం సన్నాహం కనుక అభ్యంతరం లేదు. అతికించడం ఉత్పత్తి కనుక అది బంద్. ఆ రోజు అందరూ కత్తిరించి, మర్నాడు అతికించారు. కార్మికవర్గానికి ఏ నష్టమూ జరగలేదు.

అంతా ఇలా ఆనందంగా సాగుతుండగా మోనా మేడం అఖిల భారత పోటీ ప్రకటించింది. అంశం: ‘మా అన్యోన్య దాంపత్యం.’ గెలిచినవారి ఊళ్ళోనే సన్మాన సభ జరుగుతుంది.

కామాక్షమ్మ ఇంట్లో వెతికింది. దాంపత్యం ఉంది గాని దానికి సాక్ష్యం లేదు. ఇద్దరూ కలిసి ఉన్న ఫోటో రేషన్ కార్డు మీద కూడా లేదు. కాబట్టి దాంపత్యాన్ని మొదటినుంచీ మళ్ళీ చెయ్యాలని నిశ్చయించుకుంది.

మొదటి పేజీ ‘తొలిచూపు’. తొలిచూపులో నిజానికి ఆవిడ చూసింది పీటలమీద తలవంచుకుని ఉండగా కనిపించిన మొగుడి కాలి బొటనవేలు. బొటనవేలు చాలదని మేడం చెప్పింది. హౌరాలో జనం ఎక్కువని షాలిమార్ స్టేషనుకు వెళ్ళారు. యాభయ్యోపడిలో ఉన్న అప్పలసూరి మీసానికి రంగేసుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాడు. కామాక్షమ్మ లంగా ఓణీలో, ఆగి ఉన్న గూడ్సు బండి లోంచి సిగ్గుపడుతూ దిగింది. రైల్వే పోలీసులు ఇద్దర్నీ తీసుకెళ్ళి కూర్చోబెట్టారు. ఆ ఫోటో కూడా నిమాయ్ తీశాడు. అది ‘కష్టసుఖాల్లో తోడు’ పేజీకి పనికొచ్చింది.

ఆపైన అప్పలసూరి వంట చేశాడు, అంటే గరిట పట్టుకుని నిలబడ్డాడు. గరిట ఎత్తు సరిచేసేలోపు పులుసు మాడింది. విక్టోరియా తోటలో విహరించాడు, అంటే బెంచీ మీద కూర్చుని లేచాడు. క్లాసుకు వేళవుతోందని తోట చూడకుండానే వచ్చేశారు. భార్య పుట్టినరోజుకు ఆశ్చర్యపరిచాడు. ఆవిడ సరిగ్గా ఆశ్చర్యపడేదాకా పరిచాడు. ప్రతిసారీ నిమాయ్ కెమెరా వెనకనుంచి “ఎక్‌టు హాషున్ దాదా, కొంచెం నవ్వండి” అనేవాడు. అప్పలసూరి నవ్వబోయేవాడు. ఆ ప్రయత్నం ఫోటోలో పంటినొప్పిలా పడేది. అయినా చెప్పిన చోట మళ్ళీ నిలబడేవాడు. సైగ వస్తే లేపడం, సైగ వస్తే దించడం ఆయన ఉద్యోగమే.

ఒకనాటి సాయంత్రం పెద్ద వాన. ఖిదిర్‌పూర్ రోడ్డుమీద మోకాలి లోతు నీళ్ళు. డ్యూటీ దిగి వస్తున్న అప్పలసూరి, ఎవరూ చెప్పకుండానే, ఏ పాఠంలోనూ లేకుండానే, వేడివేడి వంకాయ బజ్జీలు కొన్నాడు. పొట్లం తడవకుండా చొక్కా లోపల పెట్టుకున్నాడు. పొట్ట చుర్రుమంటున్నా తియ్యలేదు. గుమ్మంలో నీళ్ళోడుతూ నిలబడి పొట్లం తీసి చాపాడు.

“ఇదిగోనే, నీకని తెచ్చినాను. వేడి మీద తిను.”

కామాక్షమ్మ ఉలిక్కిపడింది. ఆ మొహంలో, ఎవరూ అడక్కుండానే, నవ్వు ఉంది.

“కదలకు మావా! అలాగే ఉండు… కాదు కాదు, ఎలుతురు సాల్దు. గుమ్మం బయటికెల్లి మళ్ళీ రా. ఈలోగా నిమాయ్‌ని పిలుస్తాను. అచ్చం ఇలాగే రావాలి, ఇలాగే నవ్వాలి.”

“మళ్ళీ రావాలేటి?”

“ఒక్కపాలి మావా!”

అప్పలసూరి పొట్లం ముక్కాలిపీట మీద పెట్టాడు. చెప్పినట్టే గుమ్మం బయటికి వెళ్ళాడు. అలా వెళ్ళినవాడు వెళ్ళినట్టే నీళ్ళలో నడుచుకుంటూ, బస్సెక్కి, రైలెక్కి, లిలువాలో ఉన్న చెల్లెలు జగ్గమ్మ ఇంటికి చేరాడు.

నిమాయ్ వచ్చాడు. కెమెరా వచ్చింది. వెలుతురు కూడా వచ్చింది. మొగుడు రాలేదు. బజ్జీలు చల్లారిపోయాక, వృథా ఎందుకని వాటినే ఫోటో తీశారు. ఆ ఫోటో అతికిస్తుంటే కామాక్షమ్మ కన్నీటిచుక్క పేజీ మీద పడింది. ఆ మచ్చను మోనా మేడం ఎంతో మెచ్చుకుని, ఏ కంపెనీ స్ప్రే వాడారని అడిగింది.

ఆల్బం మొదటి బహుమతి గెలుచుకుంది. ‘చివరి పేజీలో భర్తను చూపకుండానే ప్రేమను చూపిన తీరు అపూర్వం’ అని న్యాయనిర్ణేతలు రాశారు. షరతు ఒక్కటే. విజేత దంపతులు చేతిలో చెయ్యి వేసుకుని వేదిక ఎక్కాలి.

కామాక్షమ్మ లిలువా వెళ్ళింది. అప్పలసూరి అరుగుమీద కూర్చుని ఉన్నాడు. ఆవిణ్ణి చూడగానే లేచాడు కూడా.

“నన్ను తీసుకెల్దానికొచ్చినావా, నా ఫోటో తీసుకెల్దానికొచ్చినావా?”

ఆవిడ జవాబు చెప్పేలోపు గేటు వెనుక తుమ్ము వినిపించింది. ‘పునస్సమాగమం’ అని ఒక పేజీ ఉంటే బాగుంటుందని నిమాయ్‌ని వెంటబెట్టుకొచ్చింది మరి. అప్పలసూరి లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

ఈ సంక్షోభాన్ని మా ఆంధ్ర సాంస్కృతిక సంఘం అత్యవసరంగా చర్చించింది. సభాపతి త్యాగరాజుగారు పోర్టు ఆఫీసులో పనిచేసి రిటైరైనవారు. మనిషి లేకపోయినా హాజరు వెయ్యడంలో విశేష అనుభవం గలవారు. “అమ్మా, నీకు కాగితంతో ఏదైనా చెయ్యడం వచ్చు కదా. మొగుణ్ణి చెయ్యలేవా?” అన్నారు.

చేసింది. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె విప్పి నిలువెత్తు అప్పలసూరిని కత్తిరించింది. ఫోటో పెద్దది చేయించి మొహం అతికించింది. నవ్వు కోసం టూత్‌పేస్టు ప్రకటనలోంచి పళ్ళు తెచ్చి పెట్టింది. ఆయన చొక్కా, ఆయన పంచె. భార్య చెయ్యి పట్టుకునేందుకు వీలుగా కుడిచెయ్యి విడిగా చేసి భుజానికి తగిలించింది. చూసిన ఆడవాళ్ళందరూ ముక్తకంఠంతో ఒకటే మాటన్నారు. అసలు కంటే నయం. తిండి అడగదు, బీడీ కాల్చదు, పండగ ఖర్చు చెబితే నవ్వుతూనే ఉంటుంది.

సన్మానం నాడు హాలు కిక్కిరిసింది. గోడమీది తెరలో మోనా మేడం నమస్కారం పెడుతూ ఆగిపోయి, సభ అయ్యేదాకా వినయంగా అలాగే ఉండిపోయింది. త్యాగరాజుగారు ప్రసంగించారు.

“సోదర సోదరీమణులారా! శాతవాహనుల కాలంలో మనవారు ప్రేమను రాతిమీద చెక్కారు. తరువాత తాటాకు మీద రాశారు. నేడు కామాక్షమ్మగారు అట్టమీద అతికించారు! అప్పలసూరిగారివంటి భర్త దొరకడం పూర్వజన్మ సుకృతం. చూడండి, నేనింతసేపు మాట్లాడుతున్నా ఆయన మొహంలో విసుగన్నది లేదు!”

చప్పట్లు మోగాయి. ముఖ్య అతిథి అట్ట అప్పలసూరికి శాలువా కప్పారు. అది జారింది. మళ్ళీ కప్పారు. తర్వాత కామాక్షమ్మను రెండు మాటలు చెప్పమన్నారు. ఆవిడ అట్ట చేతిని పట్టుకుని మైకు ముందుకొచ్చింది.

“మా ఆయన వానలో తడిసి బజ్జీలట్టుకొచ్చినాడు…” అని ఆగింది. “పొట్ట ఎర్రగా కందిపోనాది. నాను సూసినాను. సూసి కూడా, బయటికెల్లి మళ్ళీ రమ్మన్నాను.”

ఇది ఏ పేజీలోదో అర్థం కాకపోయినా సభ చప్పట్లు కొట్టింది. సరిగ్గా అప్పుడే తలుపు దగ్గర గొడవ వినబడింది.

జగ్గమ్మ ఇంటికి ఆహ్వానపత్రం వెళ్ళింది. అందులో శ్రీ అప్పలసూరిగారికి సన్మానం అని ఉంది. ఆ అప్పలసూరి ఎవడో చూద్దామని అసలు అప్పలసూరి వచ్చాడు. గుమ్మంలో మా వలంటీరు బైరాగి ఆపాడు. డాకులో పక్క క్రేనే అతనిది.

“లోపలికెల్దానికి లేదు మావా. అప్పలసూరిగారు ఎప్పుడో వచ్చీసినారు.”

“నానేరా అప్పలసూరిని!”

“నాకు తెల్దేటి? కానీ ఆయన్ని నా సేతుల్తో ఎత్తుకొచ్చి నిలబెట్టినాను. ఒక పేరుకి ఒకటే కుర్సీ. సంఘం రూలు.”

ఆ గొంతు విని కామాక్షమ్మ మైకు వదిలి వేదిక దిగింది. పట్టుకున్న చెయ్యి వదలడం మరిచిపోయింది. అది భుజం దగ్గర ఊడి ఆవిడతోబాటే వచ్చింది. జనాన్ని తోసుకుని గుమ్మం దాటి, మొగుడి ఎదుట నిలబడింది. వెనక నిమాయ్ లేడు. ఉన్నాడేమోనని అప్పలసూరి రెండుసార్లు చూశాడు.

“సేతిలో అదేటే?”

“నీ సెయ్యి మావా.”

“మరిదేటి?” అని అప్పలసూరి తన చెయ్యి చాపి చూపించాడు. గ్రీజు పట్టిన, గోరు చితికిన, పెద్ద చెయ్యి.

కామాక్షమ్మ రెండు చేతులూ మార్చి మార్చి చూసింది. అట్టది బైరాగికిచ్చి రెండోది పట్టుకుంది. “పద మావా, ఆకలేస్తంది” అంది. అప్పలసూరి నవ్వాడు. ఎంత నవ్వాడంటే అటుగా పోతున్న రిక్షావాడు కూడా ఆగి, సంగతి తెలియకుండానే నవ్వాడు. నిమాయ్ అప్పుడు లోపల శాలువా ఫోటో తీసుకుంటున్నాడు.

సభ దిగ్విజయంగా ముగిసింది. గ్రూపు ఫోటోలో భార్య స్థానం ఖాళీగా ఉందని గమనించి త్యాగరాజుగారి భార్య రామమ్మగారు వెళ్ళి ఒంటిచేతి అప్పలసూరి పక్కన నిలబడ్డారు. ఆవిడ అంత నిండుగా నవ్వడం మేమెవరమూ చూసి ఎరగం. త్యాగరాజుగారే అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు. ‘ఆదర్శ దంపతులు’ అన్న శీర్షికతో ఆ ఫోటో మా వార్షిక సంచికలో అచ్చయింది.

కామాక్షమ్మ, అప్పలసూరి ఆ తర్వాత ఒక్క ఫోటో కూడా దిగలేదు. సాయంత్రాలు గంగ ఒడ్డుకు వెళ్ళి కూర్చుంటున్నారని, పోట్లాడుకుంటున్నారని, బజ్జీలు తింటున్నారని వదంతులున్నాయి గాని వేటికీ ఫోటో ఆధారం లేదు. అందువల్ల వారి సంసారం విచ్ఛిన్నమైందని నిర్ధారించి, సంఘం ప్రగాఢ సానుభూతి తీర్మానం చేసింది. ఓదార్చడానికి ప్రతినిధివర్గం కూడా వెళ్ళింది. ఇంటికి తాళం ఉంటే, ఆ తాళాన్ని ఫోటో తీసుకుని వచ్చింది.

పాఠక మహాశయులకు చివరిగా ఒక మనవి. అట్ట అప్పలసూరిగారు ప్రస్తుతం మా సంఘం హాలులోనే ఉన్నారు. చెయ్యి మళ్ళీ అతికించాం. ఆదివారాలు ఆయన పక్కన ఫోటో దిగడానికి లిలువా నుంచి, బడ్జ్ బడ్జ్ నుంచి కూడా స్త్రీలు వస్తున్నారు. వరస పొడుగ్గా ఉంటోంది. భర్తలతో వచ్చేవారు దయచేసి వారిని బయట చెప్పుల దగ్గర వదిలి లోపలికి రావలెను.