రందా మిషన్ చూడబోయిన తలుపు చెక్క

హలో, వినబడుతోందా? అందరూ ఉన్నారు కదా? పని ఉంటే చేసుకుంటూనే వినండి, నాకేం తొందర లేదు. నిజామాబాద్ కంఠేశ్వర్‌లో ఉండే బాపురావు సంగతి చెబుతాను.

ఆ సోమవారం పొద్దున చాయ్ తాగుతూ బాపురావు ఒక్కటే అనుకున్నాడు: పదకొండింటికల్లా మిషన్ ఏదో తేల్చుకోవాలి, అన్నానికి ఇంటికి రావాలి. చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరుగా రిటైరై, స్కూటర్ షెడ్డునే వడ్రంగి కొట్టం చేసుకున్న మనిషి. చేతి రందా పట్టీ పట్టీ భుజం పోయింది. చెక్కను ఇటు పెడితే అటు నున్నగా, కోరిన మందంలో వచ్చే బల్ల మీది రందా మిషన్ కోసం ఆరు నెలలుగా వీడియోలు చూస్తున్నాడు. రెండు బ్లేళ్లదా, మూడు బ్లేళ్లదా అన్న చోటే ఆగిపోయాడు.

పెట్టి చూద్దామంటే చెక్క కావాలి. ఇంట్లో ఉన్న మంచి చెక్క ఒక్కటే. ఎడపల్లిలో భార్య గంగుబాయి పుట్టిల్లు రోడ్డు వెడల్పులో పోయినప్పుడు ఆమె దక్కించుకున్న టేకు తలుపు చెక్క. అడుగు వెడల్పు, అంగుళన్నర మందం, దాని మీద ఏళ్లకేళ్లుగా పూసిన పచ్చ రంగు. మోకాళ్ల నొప్పులతో ఆమె కింద కూర్చోలేదు. దాన్ని ఉయ్యాల బల్ల చేయించుకోవాలని ఆశ.

"రంగు మట్టుకే తీయించుకరా. అది మా బాపు తలుపు. ఏమన్న అయిందనుకో, ఇంట్లకు రాకు."

"మిషన్ల పెట్టంగనే అద్దమైతది, చూస్తుండు!"

చెక్క పట్టుకుని మిషన్ల దుకాణానికి వెళ్తే, దుకాణదారు రాజశేఖర్ రెండు మిషన్లనూ పక్కపక్కనే పెట్టాడు. రెండు బ్లేళ్లదానిలో నాలుగుసార్లు పోగానే రంగు లేచిపోయింది. అయిదోసారి "టంగ్" మంది. పాత తలుపులో దాగిన మేకు ముక్క తగిలి బ్లేడుకు గాటు పడింది. అది బాపురావుకు తెలియలేదు. చెక్క మీద ఈ చివర నుంచి ఆ చివరదాకా లేచిన సన్నగీత మాత్రం కనబడింది.

"గిదేంది శేఖరూ, గీతలు గీస్తున్నది నీ మిషన్?"

"గా మూడు బ్లేళ్లదాంట్ల పెట్టి చూడన్నా."

పెట్టాడు. గీత పోయింది గానీ కొసకు గుంట పడింది.

"కొస పట్టుకోవాలె అన్నా. కిందికి వాలితే గుంటే పడ్తది."

"నేను పట్టుకుంటే ఇగ మిషనెందుకు?"

గుంట పోవడానికి ఇంకో మూడుసార్లు. అటు తిప్పితే అటు గుంట. ఒక మిషన్‌కు అన్నిసార్లు ఇచ్చి ఇంకోదానికి ఇవ్వకపోతే అన్యాయమని మళ్లీ మొదటిదానికి వెళ్లాడు. మళ్లీ గీత. ఇంతలో బాల్కొండ నుంచి పసుపు పంటకు స్ప్రేయర్ కొనడానికి వచ్చిన సిద్దిరాములు ఆగి చూశాడు.

"నాకైతే మూడు బ్లేళ్లదే మంచిగనిపిస్తున్నది. ఇంకోపారి తిప్పు, చూద్దాం."

చాయ్ తెచ్చినవాడు రెండు బ్లేళ్లదన్నాడు. వచ్చినవాళ్లంతా తలా ఒక మాట అన్నారు. మాటకోసారి చెక్క లోపలికి పోయి వచ్చింది. పాదాలు మునిగేంత పొట్టు పడ్డాక సిద్దిరాములు చెక్కను చేతిలోకి తీసుకున్నాడు.

"గిది ఉయ్యాలకా అన్నా? ఎవరు, పిల్లి కూసుంటదా?"

బాపురావు టేపు పెట్టాడు. అరంగుళం.

ఇంటికి వచ్చేసరికి బోధన్ నుంచి అస్లం వచ్చి ఉయ్యాల కొక్కేలు బిగిస్తున్నాడు. తాతల నాటి నుంచి వడ్రంగమే వాళ్ల పని. గంగుబాయి చెక్కకు చుట్టిన తువ్వాలు విప్పింది.

"మిగతాదేది?"

"దుకాణంల... పొట్టు."

ఆమె చెక్క మీద అరచేయి రాసింది. బంగారు రంగు మీద నల్లని చారలు.

"పుట్టినకాడికెల్లి పచ్చరంగే చూసిన. లోపల గిట్లుంటదని మా బాపుకు సుత తెల్వదు." కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "ఇప్పుడిది నన్ను మోస్తదా అస్లం?"

"ఫికర్ జెయ్యకు వదినా. కింద గట్టి చెక్క పెట్టి, పైన దీన్ని అతికిస్త. ఏనుగు కూసున్నా ఇరగది." అని టేపు పెట్టి మొహం చిట్లించాడు.

బాపురావు టేపు వైపు వంగాడు. "గంత పల్చగైందా తమ్మీ?"

"పల్చగేంది? అతికించనీకి గిది దొడ్డుంది. ఇంకింత తియ్యాలె."

బాపురావు ముఖం వెలిగింది. "అయితే నేను పోయొస్త..."

గంగుబాయి చెక్కను రెండు చేతులతో గుండెకు హత్తుకుంది. "అస్లం, నువ్వు చేత్తోనే తియ్యి. గా మనిషిని దగ్గరికి రానియ్యకు."

ఆదివారానికి ఆమె ఉయ్యాల ఊగుతోంది. బాపురావు పక్కన నిలబడి ఊపుతున్నాడు.

"ఇంతకు ఏ మిషన్ మంచిదన్నట్టు?"

ఆయన నిజాయితీగా ఆలోచించాడు. "ఇంకో చెక్కుంటే గాని చెప్పలేను గంగూ." అంటూ వంటింటి తలుపు వైపు చూశాడు.

మీకు తెలిసినవాళ్లలో ఎవరైనా రందా మిషన్ కొనబోతుంటే ఈ కథ వాళ్లకు పంపండి. వాళ్ల ఇంటి ఆడవాళ్లకు ఒక రోజు ముందే పంపండి.