సొర తాతగారి పన్ను

ఒక పెద్ద అడవిలో, అంటే మడుగు ఒడ్డున సొంతంగా తహసీల్ ఆఫీసు పెట్టుకుని కష్టాలు కొనితెచ్చుకునేంత పెద్ద అడవిలో, అంకమ్మ అనే ముళ్ళపంది ఉండేది. వానలకు ముందే పిల్లల కోసం బొరియ ఇంకాస్త తవ్వుతుంటే కాలికేదో గుచ్చుకుంది. తీసి చూస్తే పన్ను! తమలపాకంత వెడల్పు, అంచులు రంపమే.

"దుంపలు గీరుకోవడానికి భలే ఉందే!" అని మురిసిపోయింది పాపం.

ఆ మాట జంబుకయ్య అనే నక్క చెవిన పడింది. ఇంక ఊరుకుంటాడా? ఆ బొరియ మీద వాడికి ఎప్పటినుంచో కన్ను. వచ్చి పన్ను పట్టుకుని బావురుమన్నాడు.

"మా తాత పన్నే ఇది! తాత పన్ను దొరికితే అది తాత ఇల్లు కాదూ? ఖాళీ చెయ్యి వదినా!"

"నీ దుంపతెగ! నీ పళ్ళు చింతపిక్కలంత లేవు గదయ్యా!"

"తరాలు మారాయి వదినా. తిండి లేక చిక్కిపోయాం."

తగువు ఆఫీసుకెక్కింది. 'పన్ను' అనగానే తహసీల్దారు ఏనుగుగారి చెవులు లేచాయి. నోట్లోదని తెలిసి వాలిపోయాయి.

"తాత పన్నేనని నక్క రాసిచ్చాడు. నువ్వేం రాసిచ్చావమ్మా?"

"నేను తవ్వుకున్నానండీ..."

"తవ్వడం కాగితం కాదు."

అంకమ్మకు కళ్ళనీళ్ళు తిరిగాయి. మబ్బు కమ్ముకొస్తోంది. పసివాళ్ళను ఎక్కడ దాచుకోను దేవుడా అనుకుంది.

బొరియ తన పేర రాసేస్తుంటే జంబుకయ్యకు ఆశ ఆగలేదు. "అయ్యా, ఉత్త నక్క అని రాయకండి. ఈ పంటివారి వంశం అని వేయండి. ఎవరూ మార్చకుండా ముద్ర కూడా!"

ఏనుగుగారు కాలెత్తి ఢామ్మని ముద్ర వేశారు.

రికార్డుల తాబేలు కూర్మయ్య అప్పటికి మెల్లగా వచ్చి పన్ను తిప్పి చూశాడు. "ఓహో, రాక్షస సొర! ఈ చోట సముద్రం ఉన్న రోజుల్లో ఈదేదట. మన అయ్యగారంత వారినైనా పకోడీలా నమిలేసేదట."

"సొరంటే?" అన్నాడు నక్క.

"చేపేనయ్యా."

ఏనుగుగారు రూల్సు పుస్తకం తిరగేశారు. "చేపలకు బొరియ ఇవ్వకూడదు. నివాసం మడుగు. సాయంత్రంలోగా మారాలి."

"అయ్యా, నేను నక్కనండీ! మా తాత కూడా నక్కేనండీ!"

"కాగితం అలా అనడం లేదే."

మడుగులోంచి మొసలి నోరారా నవ్వింది. "రండి బాబాయిగారూ! చేపలంటే మాకు ప్రాణం."

జంబుకయ్య ఆ పూటే అడవి దాటాడు. వాన మొదలయ్యేసరికి అంకమ్మ బొరియలో వెచ్చగా కూర్చుని, ఆ పన్నుతోనే పిల్లలకు దుంపలు గీరి పెడుతోంది.

నీతి: ఎంత గొప్ప తాతనైనా తెచ్చుకోవచ్చు, ఈదే తాతను మాత్రం తెచ్చుకోకూడదు.