తంతిలో ఒక్క మాట

శుక్రవారం పొద్దున్నే, బడికి వెళ్లేముందే తపాలాఫీసులో భార్యకు తంతి ఇవ్వాలని ప్రసాదరావు నిశ్చయించుకున్నాడు. అతను తాడేపల్లిగూడెంలో ఇంగ్లీషు పంతులు. పెళ్లయి ఏడాది. తల్లికి జబ్బుగా ఉందని మండవల్లి దగ్గర, కొల్లేటి ఒడ్డునున్న పుట్టింటికి వెళ్లిన ఎలిజబెత్ నాలుగు నెలలైనా తిరిగి రాలేదు. అత్తగారు వరమ్మకు జబ్బు నయమైంది. మామగారు యాకోబు మాత్రం "వచ్చే వారం పంపుతాం" అని వారం వారం కార్డు రాస్తున్నారు. ఆమె గూట్లో పెట్టి వెళ్లిన దువ్వెన అలాగే ఉంది. ప్రసాదరావు దాని చుట్టూ దుమ్ము తుడుస్తాడే గాని దాన్ని కదపడు.

ఉత్తరం రాద్దామంటే యాకోబుగారు దాన్ని అరుగు మీద కూచుని పైకి చదువుతారు. "నువ్వు లేక పొద్దు పోవడం లేదు" అని ఒకసారి రాస్తే, "పొద్దుపోకపోతే కీర్తనలు చదువుకోండి. నూట యాభై ఉన్నాయి" అని ఆయనే జవాబిచ్చారు. అందుకని ఈసారి ప్రసాదరావు మనసులో మాట ఇంగ్లీషులో పెట్టాడు: "మిస్ యూ. కమ్ సూన్."

తంతి ఆ సాయంత్రమే చేరింది. పేరు ఎలిజబెత్‌దే అయినా విప్పింది యాకోబుగారే. పూర్వం తాలూకా కచేరీలో గుమాస్తాగా చేసిన ఈశ్వరప్రసాద్‌గారిని పిలిపించి చదివించారు.

"మిస్ అంటే తప్పిపోవడమండీ. నువ్వు తప్పిపోయావు, తొందరగా రా అంటున్నారు."

"అమ్మాయి ఇదిగో, ఇక్కడే బియ్యం చెరుగుతోంది గదండీ! ఎక్కడ తప్పిపోయింది?"

ఈశ్వరప్రసాద్‌గారు కాగితం మళ్లీ చదివారు. "అయితే తప్పిపోయింది అల్లుడుగారేనండీ."

"తప్పిపోయిన మనిషి తంతి ఎలా ఇచ్చారండీ?" అంది ఎలిజబెత్, చేట కింద పెట్టి.

"ఇంగ్లీషు సంగతి నీకు తెలీదమ్మా," అన్నారు ఈశ్వరప్రసాద్‌గారు. వరమ్మ ఏడుపు లంకించుకుంది.

ఆ ఏడుపు విని పక్కింటి విక్టోరియా పరుగెత్తుకొచ్చింది. మిషన్ బడిలో చదువు ముగించి, ఉద్యోగం కోసం చూస్తున్న పిల్ల. కాగితం చూడగానే ఆమె ముఖం వెలిగింది.

"మిస్ అంటే పెళ్లికాని ఆడమనిషండీ! మా బడిలో పంతులమ్మల్ని అలాగే పిలుస్తాం. 'మిస్సుగారూ, తొందరగా రండి' అని రాశారు. వాళ్ల బడిలో నాకు ఉద్యోగం చూసుంటారండీ!"

"పెళ్లికాని ఆడమనిషితో మా అల్లుడికేం పనమ్మా?" యాకోబుగారి గొంతు మారింది.

అల్లుణ్ని వెతకడానికి వరమ్మ, అల్లుణ్ని నిలదీయడానికి యాకోబుగారు, ఉద్యోగంలో చేరడానికి విక్టోరియా, తన అర్థమే సరైనదని రుజువు చేయడానికి ఈశ్వరప్రసాద్‌గారు ప్రయాణమయ్యారు.

"తంతి నా పేరున వచ్చింది నాన్నా, నేనూ వస్తాను," అంది ఎలిజబెత్.

"అందరం వెళితే గేదెను ఎవరు చూస్తారమ్మా? నువ్వుండు."

తెల్లవారగానే ఏలూరు వెళ్లే పడవ కదిలింది. అది తుంగ వెనక్కి మళ్లేదాకా ఎలిజబెత్ గట్టు మీదే నిలబడింది.

శనివారం మధ్యాహ్నం, భార్య వస్తుందన్న ఆశతో చలువ చొక్కా వేసుకుని ప్రసాదరావు స్టేషన్‌లో ఎదురుచూస్తున్నాడు. బండిలోంచి మామగారు దిగారు. అత్తగారు దిగి, "దొరికారా బాబూ!" అని చేతులు పట్టుకున్నారు. ఇంకో ఇద్దరు దిగారు. ప్రసాదరావు రైలుపెట్టెలోకి తొంగిచూశాడు. లోపల తనకు కావలసిన వాళ్లెవరూ లేరు.

"అమ్మాయేదండీ?"

"ఇంటి దగ్గరే ఉందండీ. ముందు ఈ మిస్ అంటే ఏవిటో చెప్పండి," అన్నారు యాకోబుగారు. నలుగురూ చుట్టూ మూగారు.

అత్తగారి ఎదుట ఆ అర్థం ఎలా చెప్పడం? ప్రసాదరావు చెవులు ఎర్రబడ్డాయి. "దానికి చాలా అర్థాలున్నాయండీ," అన్నాడు.

"పిల్ల ఒక్కర్తీ ఉంది, భయపడుతుందో ఏమో," అంది వరమ్మ.

"మీరు అలిసిపోయారు. ఇదిగోనండీ ఇంటి తాళంచెవి. నేను వెళ్లి చూసొస్తాను," అని ప్రసాదరావు ఏలూరు బండి ఎక్కేశాడు.

ఆదివారం పొద్దున అతను పడవ దిగేసరికి ఎలిజబెత్ గేదెను కడుగుతోంది. చేతిలో గడ్డిచుట్ట నీళ్లలో పడిపోయింది.

"మీరు తప్పిపోయారన్నారు!"

"లేదు. మనిషి పక్కన లేకపోతే ఇల్లంతా వెలితిగా ఉంటుంది చూడు, దానికీ ఇంగ్లీషులో అదే మాట."

"ఆ ముక్క తెలుగులో రాయొచ్చు గదండీ."

"మీ నాన్నగారు చదువుతారుగా."

ఆమె నవ్వబోయింది, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "అయితే నాలుగు నెలలుగా నాకూ మిస్సేనండీ," అంది.

సోమవారం వేళకి బడిలో ఉండాలంటే ఆ మధ్యాహ్నం పడవే ఆఖరిది. అది వాళ్లిద్దరి ఎదుటే వెళ్లిపోయింది. ఎక్కడానికి ఎవరికీ తీరిక లేకపోయింది.