ముప్పై కిలోల కడుపుమంట

ఆ రోజు పొద్దున్న కాటాగారి పథకం చాలా చిన్నది. మామగారిని విమానంలో ఆఖరి సీట్లో కూర్చోబెట్టి పంపెయ్యాలి, అంతే.

కొండ మీది ఆ విమానాశ్రయంలో ఆయన పని తూకం. అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ లేరు, ఊరంతటికీ కాటాగారే. అక్కడ రన్‌వే పొట్టిది, దాని చివర లోయ. వచ్చేది పన్నెండు సీట్ల బుల్లి విమానం. అందుకని సామాన్లనే కాదు, మనుషుల్నీ కాటా ఎక్కించాలి. బరువైనవాళ్లని ముందు, తేలికైనవాళ్లని వెనక కూర్చోబెట్టి, ఎవరు ఎన్ని కిలోలో లోడ్ షీట్‌లో రాసి సంతకం పెట్టాలి. పదిహేనేళ్లలో ఒక్క కిలో తప్పు పోలేదు.

ఆ విమానం నడిపే పైలట్ స్వయానా ఆయన తోడల్లుడు. బాధంతా అదే. మామగారు వచ్చి వారమైంది. దిగింది పెద్దల్లుడి ఇంట్లో, పాడింది చిన్నల్లుడి పాట.

"రెండు కొండల సందులోంచి సూదిలో దారం ఎక్కించినట్టు దింపుతాడమ్మా! అబ్బో, గుండె కావాలి!" అని కూతురితో అనేవారు. ఆవిడ "మరే నాన్నా" అనేది. ఆ 'మరే' కాటాగారికి పుండు మీద కారం. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, భార్య వినేలా మామగారు తన గురించి ఓ మంచిమాట అంటే చాలు. ఆయన కోరింది అంతకన్నా ఏమీ లేదు. అన్నారా? ఊహూ.

ఇవాళ మామగారు చిన్నల్లుడి ఇంటికి ప్రయాణం. ఆయన బరువు తొంభై రెండు కిలోలు. న్యాయంగా మొదటి సీటే, అంటే పైలట్ వీపు వెనకే. దారంతా ఆ ఘనకార్యం కళ్లారా చూసి, దిగాక ఫోన్లో మరో నెల్లాళ్లు అదే పాట! కాటాగారికి ఒళ్లు మండింది. తొంభై రెండుకి బదులు అరవై రెండు రాసేశారు. మామగారు ఆఖరి వరసలోకి పోయారు. హమ్మయ్య.

ఆ హమ్మయ్య పది నిమిషాలే. స్టేషన్ మేనేజరు షీట్ చూసి గంతేశాడు.

"ముప్పై కిలోలు ఖాళీయా! ఆ కుట్టుమిషను పార్సిలు మూడు రోజుల్నించి ఇక్కడే పడుండి నా ప్రాణం తీస్తోంది. ఎక్కించెయ్యండి!"

"రేపు చూద్దాం లెండి..."

"ఖాళీ పెట్టుకుని రేపేమిటండీ?"

కుట్టుమిషను వెళ్లి తోకలో, సరిగ్గా మామగారి వెనక కూర్చుంది. కాటాగారికి అప్పుడు తెలిసొచ్చింది. కుళ్లు సంగతి దేవుడెరుగు, పదకొండు మంది ప్రాణాలు తన అబద్ధం మీద కూర్చున్నాయి. నిజం చెబితే ఉద్యోగం పోతుంది, మామగారి ముందు మిగిలిన కాస్త పరువూ పోతుంది. ఇంజన్ తిరక్కముందే చేతులు ఊపుకుంటూ పరిగెత్తారు.

"ఆపండి! కాటా తేడాగా ఉంది! తూకం నమ్మడానికి లేదు!"

ఆయన ఆశ ఏమిటంటే, అందర్నీ దింపి మళ్లీ తూస్తారు, మామగారు తొంభై రెండు అవుతారు, మిషను దిగిపోతుంది, పావుగంటలో పీడ విరగడవుతుంది. కానీ మేనేజరు "ఉండండి, నేనే పరీక్షిస్తా" అని కాటా ఎక్కాడు. రెండు నెలలుగా రాత్రి భోజనం మానేసి ఒళ్లు తగ్గిస్తున్న మనిషి. ముల్లు పాత బరువుకన్నా మూడు కిలోలు ఎక్కువ చూపించింది.

"ఛఛ! ఇది పూర్తిగా పాడైపోయింది! సీలు వేసెయ్యండి!"

"మరీ అంత పాడవలేదేమోనండీ..."

"మీరేగా చెప్పారు!"

కొత్త కాటా కొండ కిందనించి రావాలి. పది దాటితే లోయలో గాలి లేస్తుంది, ఇక విమానం కదలదు. పది దాటింది, గాలి లేచింది, ప్రయాణం రేపటికి పడింది. ప్రయాణికులంతా కలిసి కాటాగారిని దులిపేశారు. ఆయన తేలు కుట్టిన దొంగలా నిలబడ్డారు.

"చూశావుటయ్యా, ఇంత గొడవలోనూ చిన్నల్లుడు ఎంత శాంతంగా ఉన్నాడో!" అన్నారు మామగారు.

ఆ శాంతమూర్తి భోజనానికి ఎక్కడికి వెళ్తాడు? కాటాగారింటికే. మామగారు ముందు, తోడల్లుళ్లిద్దరూ వెనక నడుస్తున్నారు. పైలట్ గొంతు తగ్గించాడు.

"అన్నయ్యా, మామయ్యగారు అరవై రెండు కిలోలంటే నేను నమ్ముతాననుకున్నారా? అడుగుదామని షీట్ పట్టుకుని దిగుతున్నాను, ఈలోగా మీరే అరిచారు."

కాటాగారు ఇక దాచలేదు. "నీ వెనక కూర్చోకూడదని రాశాను తమ్ముడూ. వారం రోజులుగా నీ భజన విని విని కుళ్లి చచ్చాను."

పైలట్ నడక ఆపేశాడు. "నా భజనా? పోయినసారి మా ఇంట్లో ఉన్న రెండు నెలలూ మీ భజనే! 'నువ్వు నడపడమే, పెద్దల్లుడు సంతకం పెట్టందే నీ బండి లేస్తుందా? అదీ బాధ్యతంటే!' అంటారు. నా చెవి వెనకే కూర్చుని దారంతా అదే అంటారని భయపడి చచ్చాను. ఆఖరి వరసలో చూసి దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను."

కాటాగారికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. తనని పొగిడారు! తన ఇంట్లో కాకపోతేనేం!

"సాయంత్రం మేనేజరుకి నిజం చెప్పేస్తాను" అన్నారు.

"చెప్పండి. కానీ ఆయన ఒప్పుకోడు. కాటా బాగుందంటే ఆ మూడు కిలోలూ ఆయనవే."

భోజనాల దగ్గర ఇద్దరూ మామగారికి చెరో పక్కా కూర్చున్నారు. కాటాగారి భార్య వడ్డిస్తోంది. ఇవాళ ఎవరో ఒకరి పేరు ఎత్తక తప్పదు కదా! ఇద్దరూ ముద్ద ఎత్తకుండా ఆయన నోటివంకే చూస్తున్నారు. మామగారు ఇటు చూశారు, అటు చూశారు, గొంతు సవరించుకున్నారు.

"అమ్మాయీ, మీ పక్కింటాయన అల్లుడు ఉన్నాడే, ఎంత యోగ్యుడమ్మా!"

పక్కింటాయనకి కూతుళ్లు లేరు.